పలాస జీడిపప్పు కొనేవారికి హెచ్చరిక: ‘అర కిలో’ ప్యాకెట్టులో ఉన్నది ఒక పౌండు మాత్రమే

మా ఇంట్లో పెళ్లి కోసం పలాస–కాశీబుగ్గలోని ఒక దుకాణంలో 240 నంబరు జీడిపప్పును అర కిలో ప్యాకెట్ల రూపంలో, మొత్తం పది కిలోల లెక్కకు డబ్బు చెల్లించి తెచ్చుకున్నాము. కవర్లు విప్పి తూచి చూస్తే ఏ ఒక్క దానిలోనూ 454 గ్రాములకు మించి పప్పు లేదు. ఫోనులో అడిగినప్పుడు, “పౌండు ప్యాకెట్టంటే అర కిలోయే కదండీ” అని దుకాణదారు బదులిచ్చారు. అది నిజం కాదు. పౌండు అంటే సుమారు 453.6 గ్రాములు, అంటే అర కిలోకు 46 గ్రాములు తక్కువ. ఇరవై ప్యాకెట్లకు ఆ తరుగు 920 గ్రాములు అవుతుంది. కిలో ధర 900 రూపాయలు అనుకుంటే, ప్రతి ప్యాకెట్టు మీద 41 రూపాయలు ఊరికే పోయినట్లే.

జీడిపప్పు వ్యాపారంలో పౌండు ఇప్పటికీ నిలిచి ఉండటానికి కారణం గ్రేడులే. 180, 240, 320 అనే నంబర్లు ఒక పౌండుకు గరిష్ఠంగా ఎన్ని గుండు పప్పులు తూగుతాయో తెలుపుతాయి కనుక, నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది, సాధారణంగా ధరా తగ్గుతుంది. గ్రేడు చెప్పడానికి పౌండును వాడితే ఎవరికీ నష్టం లేదు. కానీ మన దేశంలో సరుకును బరువు చూసి అమ్మేటప్పుడు చట్టం గుర్తించే ప్రమాణం కిలోగ్రామే. ప్యాకెట్టు మీద కవరు, పెట్టెల బరువు కలపకుండా నికర బరువును గ్రాములలో గాని కిలోలలో గాని ముద్రించి తీరాలి. మాకు అంటగట్టిన ప్యాకెట్ల మీద ఆ అంకే లేదు, నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం అదే.

నంబరులోనూ మోసం జరగవచ్చు. ఇంట్లో 100 గ్రాములు తూచి పప్పులను లెక్కపెట్టండి: 240 రకమైతే 53కు మించకూడదు, 70 దాకా వస్తే మీకు ఇచ్చింది 320 రకం.

విడిగా తూయించుకునేవారు కాటా సున్నా చూపిన తరువాతే పప్పు వేయించుకోండి, డబ్బా బరువును ముందే తీసివేయించండి. కాటా పలక మీద కనిష్ఠ బరువు కూడా రాసి ఉంటుంది, అంతకంటే తక్కువ తూస్తే ఆ లెక్కను నమ్మలేము. బరువును 5 గ్రాముల చొప్పున పెంచుతూ చూపే 30 కిలోల కాటాకు అది 100 గ్రాములు, కాబట్టి 50 గ్రాముల యాలకుల వంటివి దాని మీద తూయించుకోవద్దు. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు, కొలతల శాఖ వారు ఏటా ముద్ర వేయాలి, ఆ ధ్రువపత్రం దుకాణంలో కనబడేలా ఉండాలి.

బిల్లు మీద బరువును గ్రాములలో రాయించుకోండి. తేడా వస్తే ఆ బిల్లుతో, విప్పని ప్యాకెట్టు ఒకటి అట్టేపెట్టుకొని, ఆ శాఖ జిల్లా కార్యాలయంలో గాని 1915 వినియోగదారుల సహాయవాణికి గాని ఫిర్యాదు చేయవచ్చు.