డిపాజిట్ కట్టే ముందు ఆ 'విదేశీ విద్యార్థులు' ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కోండి

పిల్లల్ని అమెరికాలో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (ఒకే సబ్జెక్టుకు కట్టుబడకుండా రకరకాల సబ్జెక్టులు కలిపి చదివించే కాలేజీ) డిగ్రీకి పంపాలనుకుంటున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. కాలేజీ పేరు, కన్సల్టెన్సీ పేరు చెప్పడం లేదు. ఇలాంటివి ఒకటి రెండు కావు కనుక పేర్ల కంటే జరిగిన తీరు తెలియడమే మీకు ఉపయోగం.

మా అమ్మాయికి ఇంజినీరింగ్ మీద మనసు లేదు. ఆర్థికశాస్త్రంతో పాటు చరిత్ర, సంగీతం కూడా చదవాలని కోరిక. తరగతి చిన్నదిగా ఉండాలి, నాలుగు దేశాల పిల్లలు ఉండాలి, కలుపుగోలుగా ఉండాలి అంది. హైదరాబాద్‌లో మేము కలిసిన కౌన్సెలర్ వెంటనే మిడ్‌వెస్ట్‌లోని ఒక కాలేజీ బ్రోచర్ తీసి ముందు పెట్టాడు. మూడోవంతు విదేశీ విద్యార్థులేనట. "మనవాళ్లే వందల్లో ఉన్నారండీ, పాపకు ఇంటి మీద బెంగే ఉండదు" అన్నాడు. పైగా ట్యూషన్‌లో సగం మెరిట్ స్కాలర్‌షిప్. ఆ మాటలు నమ్మి డిపాజిట్ కట్టాం, అమ్మాయి అక్కడే చేరింది.

మనవాళ్లు వందల్లో ఉన్న మాట నిజమే. కాకపోతే ఒక్కరూ ఆ ఊళ్లో లేరు. అదే కాలేజీ వేరే రాష్ట్రంలో, ఒక ఆఫీసు భవనంలో నడిపే ఎంఎస్ కోర్సులో ఉన్నారు. డే వన్ సీపీటీ (కోర్సులో చేరిన రోజు నుంచే పని చేసుకునే అనుమతి) మీద ఉద్యోగాలు చేసుకుంటూ సెమిస్టర్‌కు ఒకటి రెండు వారాంతాలు తరగతికి వచ్చిపోతారు. హెచ్1బీ లాటరీలో పేరు రాక ఇలాంటి కోర్సుల్లో చేరే తెలుగు కుర్రాళ్ల సంగతి, అమెరికాలో బంధువులున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. వాళ్ల అవసరం వాళ్లది, వాళ్లను తప్పుపట్టను. కానీ వాళ్ల తలలు లెక్కపెట్టి, పద్దెనిమిదేళ్ల పిల్లకు తోడుగా చూపించడం మోసం కాక మరేమిటి?

అసలు క్యాంపస్‌లో డిగ్రీ చదివే భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా విదేశీ పిల్లల్లో ఎక్కువ మంది సాకర్, టెన్నిస్ జట్ల కోసం వచ్చినవాళ్లు. తిండి, ప్రయాణాలు, స్నేహాలు అన్నీ జట్టుతోనే. అక్కడి పిల్లలు మర్యాదస్థులు, ఎదురైతే నవ్వుతూ పలకరిస్తారు. అయితే చాలామందివి చుట్టుపక్కల ఊళ్లే కావడంతో శుక్రవారం మధ్యాహ్నానికి పార్కింగ్ స్థలం సగం ఖాళీ. శని, ఆదివారాల్లో డైనింగ్ హాలు రెండు పూటలే తెరుస్తారు. శాకాహారికి దొరికేది సలాడ్, చీజ్ పిజ్జా, పాలలో వేసుకునే సీరియల్. థాంక్స్‌గివింగ్ సెలవులకు అదీ మూత. క్రిస్మస్‌కు డార్మ్‌కే (కాలేజీ హాస్టల్‌కే) తాళం వేశారు, ఉండాలంటే రోజుకు ఇంతని విడిగా కట్టమన్నారు. కారు లేకపోతే ఊరు దాటే దారి లేదు. పాఠాలు చెప్పినవాళ్లు మాత్రం బంగారం లాంటి మనుషులు. వాళ్లలో ఒకరు థాంక్స్‌గివింగ్‌కు మా పిల్లను తన ఇంటికే భోజనానికి తీసుకెళ్లారు.

బ్రోచర్‌లోని ఫొటోల గురించి ఒక మాట. 2000లో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న తెల్లజాతి విద్యార్థుల గుంపులో ఒక నల్లజాతి విద్యార్థి ముఖాన్ని అతికించి, దరఖాస్తు పుస్తకం అట్ట మీద వేసి దొరికిపోయింది. ఆ కుర్రాడు అసలు ఆ మ్యాచ్‌కే వెళ్లలేదు. అంత పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయమే ఆ పని చేసిందంటే, సీట్లు నిండక అల్లాడే చిన్న కాలేజీల సంగతి చెప్పాలా?

కౌన్సెలర్‌కు ఆ కాలేజీ మీద అంత ప్రేమ ఎందుకో తర్వాత అర్థమైంది. విద్యార్థిని చేర్పిస్తే తలకు ఇంతని కమీషన్ ఇవ్వడాన్ని అమెరికా ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. కానీ ఫెడరల్ ఆర్థిక సాయానికి అర్హత లేని, విదేశాల్లో ఉండే విద్యార్థులకు ఆ నిషేధం వర్తించదు. కాబట్టి "మీకు కాలేజీ నుంచి ఎంత ముడుతుంది?" అని మొహమాటం లేకుండా అడగండి. సగం స్కాలర్‌షిప్ చూసీ మురిసిపోనక్కర్లేదు. అక్కడి ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకు సగటున సగానికి పైగానే తగ్గించి ఇస్తున్నాయి. మన బట్టల దుకాణాల ఆషాఢం డిస్కౌంటు లాంటిదే అది.

అసలు లెక్కలు దొరికేది 'కామన్ డేటా సెట్' అనే పత్రంలో. చాలా కాలేజీలు ఏటా విడుదల చేస్తాయి. అందులో బి విభాగంలో డిగ్రీ చదివే విదేశీయుల సంఖ్య విడిగా ఉంటుంది. మాకు చెప్పిన మూడోవంతు అక్కడికి వచ్చేసరికి ఆవిరైపోయింది. ఎఫ్ విభాగం ఇంకా ముఖ్యం: ఎంత శాతం పిల్లలు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చారు, ఎంతమంది కాలేజీ వసతిలో ఉంటున్నారు అనేవి అక్కడే ఉంటాయి. వారాంతం ఎలా గడుస్తుందో ఆ రెండు అంకెలు చెప్పినట్టు బ్రోచర్ చెప్పదు. హెచ్ విభాగంలో విదేశీయులకు సగటున ఎంత సాయం ఇచ్చారో చూడండి. ఆ పత్రం లేదన్న కాలేజీని నేనైతే నమ్మను. అమెరికా విద్యాశాఖ వారి కాలేజ్ నావిగేటర్‌లో కూడా కొంత సమాచారం ఉంటుంది. మొదటి ఏడాది తర్వాత ఎంతమంది తిరిగి వస్తున్నారో అక్కడ తప్పక చూడండి.

కాలేజీ ఆర్థిక పరిస్థితి కూడా వాకబు చేయాలి. 1868లో పుట్టిన వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ చివర్లో ప్రకటన చేసి, ఆ సెమిస్టర్‌తోనే మూతపడింది.

లిబరల్ ఆర్ట్స్ కాలేజీలే వద్దని నేను అనడం లేదు. కోఫీ అన్నన్ 1961లో పట్టా పుచ్చుకున్న మెకాలెస్టర్, అయోవా మొక్కజొన్న చేల మధ్య ఉన్న గ్రిన్నెల్ లాంటి చోట్ల విదేశీ పిల్లలు నిజంగానే క్యాంపస్‌లో ఉంటారు. ఆమ్‌హెర్స్ట్ విదేశీయుల దరఖాస్తులను కూడా ఆర్థిక స్తోమతతో పని లేకుండా పరిశీలిస్తుంది. వీటిలో సీటు కష్టమే. మా కౌన్సెలర్ మాత్రం వీటి పేరైనా ఎత్తలేదు.

చాలా చోట్ల సీటు ఖాయం చేసుకునే డిపాజిట్‌కు గడువు మే 1. ఆలోపు డార్మ్‌లో ఉంటున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో మాట్లాడండి. కాలేజీ చూపించిన 'స్టూడెంట్ అంబాసిడర్' ఒక్కరితో సరిపెట్టుకోవద్దు. పోయిన ఆదివారం ఏం చేశారు, ఎవరితో తిన్నారు అని అడగండి.

మాకు డిపాజిట్ గానీ కన్సల్టెన్సీ ఫీజు గానీ వెనక్కి రాలేదు. అమ్మాయి వేరే కాలేజీకి మారుతోంది. ఇప్పటికే చేరి ఇదే అవస్థ పడుతున్నవాళ్లు ఉంటే, కొత్త కాలేజీ సీటు ఖాయమయ్యాకే పాత కాలేజీలో సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డు బదిలీ అడగండి. చదివిన ప్రతి కోర్సు సిలబస్‌నూ దాచుకోండి, క్రెడిట్లు ఒప్పుకునేటప్పుడు అడుగుతారు.