కేస్ షీట్ చుట్టూ కూర్చుని నేర్చుకోవడం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

బెంగళూరులో ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు చేసినవాళ్లు తినడం, స్నానం లాంటి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స) అసిస్టెంట్లకు శిక్షణ ఇస్తుంటాను. పాఠం చెప్పి నోట్సు రాయించడం తగ్గించి, నలుగురైదుగురు ట్రైనీలకు ఒక కేసు, అంటే ఒక రోగి పరిస్థితి రాసిన షీటు, ఇచ్చి చర్చించుకోమనడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇక పాత పద్ధతికి వెళ్లను.

బాగా పనికొచ్చిన కేసు ఒకటి చెబుతాను. మేమే తయారుచేసుకున్నది. హిందూపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన 60 ఏళ్ల ఆవిడ. మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. "అత్తయ్య సగం అన్నం వదిలేస్తున్నారండీ" అంటుంది కోడలు. ఆకలి లేదేమో, దిగులేమో అని ట్రైనీలు మొదలుపెడతారు. కాసేపటికి ఎవరో ఒకరు "ఏ వైపు సగం?" అని అడుగుతారు. అప్పుడు అసలు చర్చ మొదలవుతుంది. ఎడమవైపు ఉన్నది ఆవిడ దృష్టికి రావడం లేదేమో, కంచం తిప్పి చూద్దామంటారు. ఇదే నేను చెబితే పరీక్షలో రాసి మర్చిపోతారు. వాళ్లంతట వాళ్లు పట్టుకుంటే మాత్రం వార్డులో ప్రతి కంచం దగ్గరా ఆగి చూస్తారు.

ఆ తర్వాత ఏం రాయాలన్న దాని మీద వాదన. జబ్బు పేరు తేల్చడం అసిస్టెంట్ పని కాదు, థెరపిస్ట్ పని. "కంచంలో ఎడమ సగం ముట్టలేదు, తిప్పి పెడితే తిన్నారు" అని చూసింది చూసినట్టు రాసి, వెంటనే థెరపిస్ట్‌కు చెప్పాలి. తన పని ఎక్కడిదాకానో ట్రైనీకి ఇంత స్పష్టంగా తెలిపే పద్ధతి నాకింకోటి కనబడలేదు.

1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాల మొదలుపెట్టిన సమస్య ఆధారిత బోధనకు (ముందు సమస్య ఇచ్చి, ఏం తెలుసుకోవాలో విద్యార్థులనే తేల్చుకోమనే పద్ధతి) ఇది దగ్గరగా ఉంటుంది. కాకపోతే మేం ముందే కొన్ని ప్రశ్నలు రాసిస్తాం.

వీల్‌చైర్ బ్రేకులు వేయడం, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం లాంటివి మాత్రం చర్చతో రావు. ముందు చేసి చూపించాలి, వాళ్లతో చేయించాలి. గుంపు పెద్దదైతే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని పట్టుబడితే మదనపల్లె నుంచి వచ్చిన పిల్లలు నోరే విప్పరు. తెలుగులోనో కన్నడలోనో వాదించుకోనిచ్చి, నోట్ ఒక్కటీ ఇంగ్లిష్‌లో రాయిస్తే టెన్షన్ లేదు.

కేసులు మాత్రం సొంతంగా రాసుకోవాలి. విదేశీ పుస్తకాల్లో స్నానమంటే బాత్‌టబ్. మా రోగుల ఇళ్లలో బకెట్, చెంబు, ఇరుకు గది. అందుకే మా షీట్లలో మెట్లెన్ని, మరుగుదొడ్డి ఎలాంటిది, పగలు ఇంట్లో ఎవరుంటారు అన్నవి తప్పకుండా రాస్తాం.