హాస్టల్ స్కూల్ రగ్బీ టీమ్: సీజన్ మొత్తం చూశాక ఒక తల్లి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, కప్పుల లెక్క కోసం ఇది చదువుతుంటే ఇక్కడే ఆపేయండి, ఈ ఏడాది మా టీమ్ గెలిచిన మ్యాచ్‌ల కన్నా ఓడినవే ఎక్కువ. అయినా అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ నాలుగూ కోచ్ గారికీ పిల్లలకీ. కోసేసిన ఒక్కటీ స్కూల్ ఆఫీసు ఖాతాలోది. స్కూల్ పేరు రాయను, మావాడు ఇంకా అక్కడే చదవాలి. కోనసీమలో కాలవ గట్టు పక్కన, చుట్టూ వరి చేలూ కొబ్బరి తోటలూ ఉన్న రెసిడెన్షియల్ స్కూల్ అనుకోండి చాలు.

మన గోదావరి జిల్లాల్లో హాస్టల్ స్కూల్ అంటే ఏంటో అందరికీ తెలిసిందే. తెల్లారకుండా స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష. గ్రౌండ్ ఉంటే ఉంటుంది, బ్రోచర్లో ఫొటో కోసం. అలాంటిది ఇక్కడ అడ్మిషన్ల టేబుల్ దగ్గర "రగ్బీ ప్రత్యేక శిక్షణ" అని విడిగా ఒక కాగితం, దానికి విడిగా ఫీజు. ఆ కాగితం మీద ఇంగ్లండ్‌లో రగ్బీ అనే స్కూల్లో 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తాడనీ, అలా ఈ ఆట పుట్టిందనీ వేశారు. అది పుక్కిటి పురాణం లాంటిదేనండి. ఎల్లిస్ 1872లో పోతే, ఈ కథ మొదటిసారి బయటికొచ్చింది 1876లో. కాకపోతే 1845లో ఆ స్కూల్ పిల్లలే కూర్చుని ఆట రూల్స్ కాగితం మీద పెట్టారన్నది మాత్రం నిజం. హాస్టల్ పిల్లలు రాసుకున్న రూల్స్‌తో మొదలైన ఆట హాస్టల్ పిల్లలకి కొత్తేం కాదని మా వారిని ఒప్పించడానికి నాకు అది బాగా పనికొచ్చింది. ఆయన భయం ఆట గురించి కాదు, మార్కుల గురించి.

ఇక్కడ ఆడేది పదిహేను మంది ఆడే పెద్ద రగ్బీ కాదు, సెవెన్స్. జట్టుకి ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు హాఫ్‌లు. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్నది ఇదే. ఆ మొదటి ఏడాది రియోలో ఫిజీ మగవాళ్ల జట్టు బంగారం కొట్టింది, ఆ దేశానికి అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం, తర్వాత టోక్యోలో మళ్లీ కొట్టింది. ఫిజీ దేశం జనాభా మొత్తం మన కోనసీమ జిల్లా జనాభా కన్నా తక్కువని కోచ్ గారు మొదటి రోజే పిల్లలకి చెప్పారట. ఆ మాట మావాడు ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ నాకూ చెప్పాడు. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు అందులో హైదరాబాద్ హీరోస్ అనే టీమ్ కూడా ఉండేసరికి వీళ్ల హడావిడి ఇంకా పెరిగింది.

టీమ్ గురించి చెప్పాలి. పేర్లు వద్దు, ఊళ్లు చాలు. రాజోలు వైపు నుంచి వచ్చినవాడు సంక్రాంతి కబడ్డీ పోటీల్లో పెద్దవాళ్ల మధ్య ఆడి పెరిగినవాడు, వాడు కాలు పట్టాడంటే ఎంతటి వాడైనా కూలిపోవాల్సిందే. అంతర్వేది వైపు పిల్లాడు గ్రౌండ్ అంచున, అంటే వింగ్‌లో ఆడతాడు, పరుగు మొదలెడితే మనకి చొక్కా వెనకాల నంబరే కనిపిస్తుంది. మండపేట కుర్రాడు బలంగా ఉంటాడు, రెండు జట్ల వాళ్లూ ఒంగి భుజాలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో మధ్యలో వాడే. కెప్టెన్ తణుకు వాడు, పదో తరగతి. సైజు చూస్తే స్కోరు రాయడానికి వచ్చాడేమో అనుకుంటాం, గ్రౌండ్‌లో మాత్రం నోరంతా వాడిదే. మావాడు ఎక్కువగా బెంచి మీద. కాబట్టి ఈ రివ్యూలో పక్షపాతం వెతకొద్దు.

మన వైపు పిల్లలకి టాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడగొట్టడం, నేర్పక్కర్లేదు, చెడుగుడు రక్తంలోనే ఉంది కదా అని నేనూ అనుకునేదాన్ని, గట్టు మీద నిలబడి చూసే తండ్రులందరూ అనేదీ అదే. చూస్తే కష్టమంతా అక్కడే వచ్చింది. కబడ్డీలో రైడర్ చీలమండ దొరికిందా, విజిల్ పడేదాకా వదలకూడదు, ప్రాణం పోయినా. రగ్బీలో మనిషిని కింద పడేసిన మరుక్షణం వదిలెయ్యాలి, పక్కకి దొర్లిపోవాలి, లేకపోతే పెనాల్టీ. మా రాజోలు వాడు మొదటి నెలల్లో పడగొట్టిన ప్రతివాడినీ కౌగిలించుకుని అలాగే పడుకునేవాడు, రెఫరీ విజిల్ ఊదితే పాయింట్ మనకే వచ్చిందన్నట్టు లేచి చెయ్యెత్తేవాడు. ఆ అలవాటు మాన్పించడానికి కోచ్ గారు అరవలేదు, కొట్టలేదు. ప్రాక్టీసులో వాడు పట్టుకున్న ప్రతిసారీ టీమ్ అంతా కలిసి గట్టిగా "వదులు!" అని కేక వెయ్యాలన్నారు. దీపావళి దాటేసరికి కేక అక్కర్లేకుండా పోయింది. వెనక్కి మాత్రమే పాస్ ఇవ్వాలన్న రూల్ కూడా అంత తొందరగా ఒంటబట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

టాకిల్ బ్యాగులు కొనడానికి ఆఫీసు డబ్బులివ్వలేదు. కోచ్ గారు గోనె సంచుల్లో కొబ్బరి పీచు కుక్కించి, పురికొస వేసి కుట్టించారు. పీచుకి మన దగ్గర కరువేముంది. ఎండగా ఉన్నప్పుడు అవి బాగానే పనిచేశాయి, వాన పడితే మాత్రం నీళ్లు పీల్చుకుని ఒక్కోటి ఇద్దరు మోస్తేగానీ కదిలేది కాదు, ఆ మోయడం కూడా ప్రాక్టీసులో భాగమే అనేవారాయన. బంతుల సంగతి కూడా అంతే. రాజమండ్రి స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే క్రికెట్, వాలీబాల్ సామాను చూపిస్తారు తప్ప కోలగా ఉండే రగ్బీ బంతి కనబడదు. జలంధర్ నుంచి తెప్పించారు, విదేశాలకి ఎగుమతయ్యే రగ్బీ బంతులు కుట్టేది కూడా అక్కడే. మీరు విడిగా కొంటే సైజు చూసుకోండి: పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి 4, పదిహేను నుంచి 5.

ఇక నేను నాలుగు స్టార్లు ఇవ్వడానికి అసలు కారణం. నవంబర్లో ఒక మ్యాచ్‌లో మండపేట కుర్రాడి తలకి అవతలివాడి మోకాలు తగిలింది. లేచి నిలబడ్డాడు, రక్తం లేదు, ఏమీ లేదు, "బాగానే ఉన్నాను సార్" అంటున్నాడు. కోచ్ గారు వాణ్ణి గీత బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగుతున్నారు: ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది మొదటి హాఫా, రెండోదా? చివరి స్కోరు ఎవరు చేశారు? ఇంతకు ముందు ఎవరితో ఆడాం? ఆ మ్యాచ్ గెలిచామా? కుర్రాడు గ్రౌండ్ పేరు చెప్పాడు, హాఫ్ దగ్గర తడబడ్డాడు. అంతే, ఆ రోజుకి వాడి ఆట అయిపోయింది. ఈ ప్రశ్నలు ఆయన సొంతంగా పుట్టించినవి కావు, తలకి దెబ్బ తగిలితే అడగాల్సినవని రగ్బీ వాళ్లు ప్రపంచమంతా వాడేవే. వాటికి సరిగ్గా జవాబు చెప్పినా కూడా అనుమానం ఉంటే బయటికి తీసెయ్యమనే అంటారు.

వాళ్ల నాన్నగారు ఫోన్లో గొడవ. "ఏవండీ కోచ్ గారూ, వాడు బాగానే ఉన్నానంటున్నాడు కదండీ, ఎందుకండీ దింపేశారు" అని. స్పీకర్లో అందరికీ వినిపిస్తోంది. కోచ్ గారు: "ఆయ్, అంటాడండి. గట్టిగా తగిలినోడే ముందు అంటాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నానండి, మూడు వారాల దాకా మ్యాచ్ మాటెత్తకండి." ఈ ఆటని ప్రపంచమంతా నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ చెప్పేదీ అదే, మామూలు ఆటగాళ్లు తలకి దెబ్బ తగిలాక కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదని. సెమీస్ ముందు మీ బలమైన ఆటగాణ్ణి పక్కన పెట్టే కోచ్ ఎంతమంది దొరుకుతారు చెప్పండి. ఆ సెమీస్ ఓడిపోయాం. నాకు ఫిర్యాదు లేదు.

మౌత్ గార్డ్ విషయంలోనూ ఆయన అంతే పట్టుదల. పెట్టుకోకపోతే ప్రాక్టీసు లేదు. మొదటిరోజు హాస్టల్ వంటింట్లో వేడినీళ్లు కాయించి, ఆ ప్లాస్టిక్ ముక్క ముంచి తీసి, పిల్లల నోట్లో పెట్టి గట్టిగా కొరకమని, చన్నీళ్లలో వేసి గట్టిపరిచి, ఒక్కొక్కడికీ ఆయనే సరిచేశారు. వారం తిరక్కుండానే మా వెధవలు వాటిని చెరుకుముక్క నమిలినట్టు నమిలి పారేశారు, మళ్లీ కొన్నాం. రెండు కొనుక్కోండి. తలకి పెట్టుకునే మెత్తటి టోపీ ఒకటి దొరుకుతుంది, గీరుకుపోకుండా చెవుల్ని కాపాడుతుంది గానీ లోపల మెదడు అదరకుండా ఆపదు. దాన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకోవద్దు.

సీజన్లో ఒక్క మ్యాచ్ చెప్పమంటే రాజమండ్రి టీమ్‌తో ఆడింది చెబుతా. ముందు రోజు వాన. మన ఒండ్రు నేల సంగతి తెలుసుగా, తడిస్తే బూటు కింద అరంగుళం మట్టి చేరి పట్టు కోసం అడుగున ఉండే స్టడ్స్ ఉన్నట్టే ఉండవు. ఆఖరి నిమిషం దాకా 12–5తో వెనకబడి ఉన్నాం. కెప్టెన్ గుంపులోంచి బంతి లాగి రెండు పాస్‌లలో వింగ్‌కి చేర్చాడు, అంతర్వేది వాడు గీత పట్టుకుని పరిగెత్తాడు, వెనకాల ఎవడూ లేడు. కోచ్ గారు గట్టు మీద నుంచి "మధ్యకి రా, మధ్యకి రా!" అని ఒకటే అరుపు. ట్రై కొట్టాక, అంటే అవతలివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనించి అయిదు పాయింట్లు తెచ్చుకున్నాక, ఇంకో రెండు పాయింట్ల కోసం పోస్టుల మధ్యలోంచి తన్నే కన్వర్షన్ కిక్ తీసుకోవాల్సింది బంతి నేలకి ఆనించిన చోటికి ఎదురుగానే. పోస్టుల మధ్య ఆనిస్తే కిక్ తేలిక, మూలన ఆనిస్తే చచ్చేంత కష్టం. వాడికేమో వెనక నుంచి ఎవరైనా పట్టేస్తారేమోనని టెన్షన్, మూలనే పడిపోయి ఆనించేశాడు. 12–10. కిక్ పడితే సమం. సెవెన్స్‌లో బంతిని నేల మీద నిలబెట్టి తన్నే వెసులుబాటు ఉండదు, చేతిలోంచి వదిలి, నేలకి తగిలి లేచేటప్పుడు తన్నాలి. ఆ బురదలో బంతి లేస్తేగా. చప్పుడు చేసి అక్కడే కూర్చుంది, కెప్టెన్ కాలు దాని మీదుగా పోయింది. పక్కనున్న ఒక పెద్దాయన, ఎవరి తాలూకో తెలీదు, "అయిదు పాయింట్లూ ఇచ్చేశారు కదా, ఇంకా ఈ తన్నుడు దేనికండీ" అని నన్నడిగారు. ఆయనకి నేనేం చెప్పను.

ఇప్పుడు కోసేసిన స్టార్ సంగతి. గ్రౌండ్ పల్లంలో ఉంది, అక్టోబర్ వానలకి నీళ్లు నిలిస్తే పోవడానికి దారి లేదు. చుట్టూ రైతులు తమ చేలకి బోదెలు తవ్వుకుంటారు, లక్షల్లో ఫీజు తీసుకునే స్కూల్ ఒక మురుగు బోదె తవ్వించలేకపోయింది. దాంతో నెల పైన ప్రాక్టీసు పక్క రైతు కళ్ళంలో చేశారు, ఆయన పుణ్యమా అని. మ్యాచ్ రోజు ఐస్ ఉండదు, ఎదురుగా కూల్‌డ్రింక్ కొట్టు వాణ్ణి అడుక్కోవాలి. జెర్సీకి డబ్బులు కట్టించుకుని అందరికీ ఒకటే సైజు ఇచ్చారు, మా కెప్టెన్‌కి అది మోకాళ్ల దాకా వచ్చింది. మ్యాచ్ ఎక్కడో ముందురోజు రాత్రి పదింటికి వాట్సాప్‌లో పెడతారు.

వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది, సంక్రాంతి సెలవులయ్యాక పదో తరగతి పిల్లలందర్నీ టీమ్‌లోంచి తీసెయ్యడం. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, నిజమే. కానీ వారానికి రెండు గంటల ఆటతో పోయే ర్యాంకు ఏ ర్యాంకు? చివరి రెండు మ్యాచ్‌లకి కెప్టెన్ స్టడీ హాల్ కిటికీలోంచి చూశాడు. కోచ్ గారు వెళ్లి అడిగితే "మేనేజ్‌మెంట్ నిర్ణయం" అన్నారట. ఫీజు మాత్రం ఏప్రిల్ దాకా తీసుకున్నారు. ఒడిశాలో భువనేశ్వర్‌లోని కిస్ అనే హాస్టల్ స్కూల్ గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 టోర్నమెంట్ గెలిచి వచ్చారు. ఇదే ముక్క మా ఆఫీసు వాళ్లు తమ బ్రోచర్లో గొప్పగా వేసుకున్నారు, "మీ పిల్లలూ సాధించగలరు" అని. జనవరిలో తాళం వేసేస్తే ఎలా సాధిస్తారో వాళ్లే చెప్పాలి.

చేర్చాలనుకునేవాళ్లు అడ్మిషన్ టేబుల్ దగ్గర ట్రోఫీల గురించి అడక్కండి. తలకి దెబ్బ తగిలితే ఏం చేస్తారు, టాకిల్ మొదలుపెట్టే ముందు ఎన్నాళ్లు తాకకుండా ఆడిస్తారు, భుజాల పైన పట్టుకుంటే ప్రాక్టీసులో కూడా ఆపుతారా, ఇవి అడగండి. ఆఫీసులో జవాబు రాదు, గ్రౌండ్‌కి వెళ్లి కోచ్ గారినే అడగండి. బూట్లు ఫుట్‌బాల్‌వే సరిపోతాయి, పొడుగు స్టడ్స్ ఉన్నవి తీసుకోండి, చిన్నవి మన మట్టిలో ఒక్క రోజు కూడా పనిచెయ్యవు. తిండి ఫర్వాలేదు, గుడ్డు రోజూ పెడుతున్నారు, మ్యాచ్ రోజు రావులపాలెం అరటిపండ్లు గెలలకి గెలలు దింపుతారు.

అమ్మాయిల టీమ్ పెడతామని ఆఫీసులో అంటున్నారు. బిహార్ నుంచి స్వీటీ కుమారి లాంటి అమ్మాయి ఇండియాకి ఆడిందని చెబితే మా చెల్లెలి కూతురు ఇప్పటి నుంచే బూట్లు కొనమని ప్రాణం తీస్తోంది. జూన్‌లో నిజంగా పెడితే దాన్ని చేరుస్తాం. పెట్టకుండా బ్రోచర్లో ఫొటో మాత్రం వేస్తే వచ్చి ఇంకో స్టార్ తగ్గిస్తా.