జాగ్రత్త: అమెరికా టికెట్‌లో 'లండన్' రెండుసార్లు కనిపిస్తే డబ్బు కట్టకముందే ఆగండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అమ్మానాన్నల్ని అమెరికా పంపబోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మార్చి మూడో వారంలో మావాళ్ళని న్యూజెర్సీలో ఉన్న అక్క దగ్గరికి పంపాను. టికెట్లు మా ఊళ్ళోనే ఒక ట్రావెల్స్‌లో కొన్నాను. పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో ఎలాగూ రాస్తాను.

మిగతా చోట్ల కంటే ఇద్దరికీ కలిపి 31 వేలు తక్కువ చెప్పాడు. వైజాగ్ నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి లండన్, లండన్ నుంచి న్యూయార్క్. లండన్‌లో ఐదు గంటలకి కాస్త తక్కువ గ్యాప్. "ఏటీ అవదు మాస్టారూ, కాఫీ తాగి ఓ కునుకు కూడా తీయొచ్చు" అన్నాడు.

తెల్ల కాగితం మీద మొత్తం రాసి కూడా ఇచ్చాడు. హైదరాబాద్‌లో ఉదయం 7కి ఎక్కితే లండన్‌లో మధ్యాహ్నం 12.15కి దిగుతారు, ఐదుంపావు గంటలు. లండన్‌లో సాయంత్రం 5కి ఎక్కితే న్యూయార్క్‌లో రాత్రి 9కి దిగుతారు, నాలుగు గంటలు. నేను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. తీసివేత సరిగ్గానే ఉందని తలూపి వచ్చేశాను.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. మార్చిలో లండన్ మనకంటే ఐదున్నర గంటలు వెనక. అంటే మొదటి విమానమే పది గంటల నలభై ఐదు నిమిషాలు. రెండో దానిలో ఇంకో మెలిక ఉంది. న్యూయార్క్ మామూలుగా లండన్ కంటే ఐదు గంటలు వెనక. కానీ గడియారాన్ని అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు తిప్పుతారు, ఇంగ్లండ్‌లో మార్చి ఆఖరి ఆదివారం తిప్పుతారు. ఆ మధ్య రోజుల్లో తేడా నాలుగు గంటలే. అలా చూస్తే అది ఎనిమిది గంటల ప్రయాణం. అట్లాంటిక్ మీద పై గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గంట దాకా కలిసొస్తుంది. ఇంట్లో మేం తొమ్మిదింపావు అనుకున్నది, విమానంలో కూర్చునే సమయం ఒక్కటే తీసుకున్నా, పంతొమ్మిది గంటలకి పావుగంట తక్కువ.

నాన్నకి షుగరు. తొమ్మిది గంటలే కదా అని రెండు పూటల మాత్రలు చేతిసంచిలో వేసి, మిగతావి పెద్ద పెట్టెలో పలాస జీడిపప్పు పక్కన సర్దాం. ఈ తప్పు మాత్రం ఏజెంట్‌ది కాదు, నాది. మాత్రలన్నీ, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే ఉండాలి.

ఇక అసలు సంగతి. వాళ్ళు దిగింది హీత్రో ఎయిర్‌పోర్టులో. రెండో విమానం ఎక్కాల్సింది గాట్విక్‌లో. రెండూ లండనే, కానీ రోడ్డు మీద మధ్య దూరం 65 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఇంచుమించు విజయనగరం నుంచి వైజాగ్ వెళ్ళినంత. టికెట్ మీద ఎల్‌హెచ్‌ఆర్ (హీత్రో) అని ఒకచోట, ఎల్‌జీడబ్ల్యూ (గాట్విక్) అని ఒకచోట చిన్న అక్షరాల్లో ఉంది. నాకు కనిపించింది 'లండన్' ఒక్కటే.

పైగా అది ఒక టికెట్ కాదు, మూడు. అందుకని పెట్టెలు వైజాగ్‌లో వేస్తే న్యూయార్క్‌లో తేలవు. ప్రతిచోటా తీసుకుని మళ్ళీ వెయ్యాలి. లండన్‌లో అయితే ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి రావాలి. అమెరికా వీసాలు చూసి అధికారి పంపించాడు కాబట్టి సరిపోయింది. అదే ఫ్రాంక్‌ఫర్ట్ అయ్యుంటే బయటికొచ్చి పెట్టెలు తీసుకోవడానికి షెంగెన్ (యూరప్ దేశాల) వీసా కావాలి, కథ అక్కడే ముగిసేది.

ఆ మధ్యాహ్నం ఇలా గడిచింది. విమానం యాభై నిమిషాలు లేటు. అమ్మకి వీల్‌చెయిర్ పెట్టించాం, మనవాళ్ళు చాలామంది భాష కోసం కూడా పెట్టిస్తారు కదా. కానీ వీల్‌చెయిర్ వాళ్ళని అందరూ దిగాక దింపుతారు. అక్కడ అరగంట. ఇమ్మిగ్రేషన్ లైను గంట పైనే. పెట్టెలు చేతికొచ్చేసరికి 3 దాటింది. నాన్నకి చెమటలు పడుతున్నాయని అమ్మ ఫోన్ చేసింది. అప్పటికి మా ఇంటి గడప దాటి 28 గంటలు. నేనేమో ఇక్కడ ఏడు రోడ్ల జంక్షన్‌లో బండి పక్కన పెట్టి నిలబడి, అక్కకి ఒక ఫోన్, ఏజెంట్‌కి ఒక ఫోన్. ఏజెంట్ ఎత్తలేదు. బస్సు దొరికి గాట్విక్ చేరేసరికి 5. కౌంటర్ 4కే మూసేశారు.

వేరే టికెట్ కాబట్టి విమానం తప్పితే ఆ కంపెనీకి సంబంధం లేదు. డబ్బు వెనక్కి రాలేదు. అంతకంటే పెద్ద దెబ్బ, మొదటి భాగం ఎక్కలేదని అదే టికెట్‌లోని తిరుగు ప్రయాణం కూడా దానంతటదే రద్దయింది. మర్నాటికి కొత్త టికెట్లు, ఒక రాత్రి హోటల్. 31 వేలు మిగిల్చుకోబోయి లక్షన్నర పైన వదిలింది. తర్వాత ఏజెంట్ అన్నది, "కింద సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని రాసుంది కదా మాస్టారూ." నిజమే, రాసుంది. అంటే మధ్యలో పెట్టెలు తీసుకుని విమానం మారే బాధ్యత మనదే అని.

డబ్బు కట్టకముందే మొత్తం ఒకే టికెట్ నంబరు మీద ఇస్తాడా అని అడగండి, టికెట్ ఇచ్చాక ఆ నంబరు చూసుకోండి. అది 13 అంకెలు ఉంటుంది. పీఎన్‌ఆర్ ఒకటే ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, ఒకే పీఎన్‌ఆర్ కింద రెండు టికెట్లు వెయ్యొచ్చు. మొదటి నుంచి చివరిదాకా ఒకే నంబరు ఉంటే, మధ్యలో విమానం లేటైనా తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత విమాన కంపెనీది. ఒక టికెట్‌లో ఎక్కే విమానాలు నాలుగు దాటితే వరస నంబర్లు వస్తాయి, అది మామూలే. న్యూయార్క్‌లో దిగి డాలస్‌కో అట్లాంటాకో వెళ్ళేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ఒకే టికెట్ అయినా సరే, మామూలుగా అమెరికాలో దిగిన మొదటి ఊళ్ళోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ ఇవ్వాలి. నన్నడిగితే పెద్దవాళ్ళకి అక్కడ మూడు గంటలకి తగ్గకూడదు.

తెల్లవారుజామున ఒంటిగంట, రెండు గంటల విమానాలతో కూడా జాగ్రత్త. 14వ తేదీ 2.10 అని ఉంటే 13వ తేదీ రాత్రికే శంషాబాద్‌లో ఉండాలి. మా వీధిలోనే ఒకాయన 14 రాత్రి బయల్దేరాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, జిల్లా కమిషన్‌లో వెయ్యడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యొచ్చు. ఏజెంట్ రాసిచ్చిన ఆ తెల్ల కాగితం నా దగ్గర భద్రంగా ఉంది, మీకు రాసిస్తే మీరూ పారెయ్యకండి. ఈ వేసవికి ఎక్కడైనా ఇలా చవగ్గా టికెట్లు కొని, ఇంకా బయల్దేరనివాళ్ళు ఉంటే ఇప్పుడే తీసి నంబర్లు చూసుకోండి.