పదకొండు నెలల నోటరీ అగ్రిమెంటా, రిజిస్టర్ చేసిన లీజా: ఏది మేలు?

విశాఖలో ఇల్లు అద్దెకిచ్చేవారిలో చాలామంది చేసే పని ఒకటే. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాయించి, నోటరీ ముద్ర వేయించి బీరువాలో పెట్టేస్తారు. గడువు ఏడాది లోపే కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది వారి ధీమా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఉన్నది అదే: ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ వెసులుబాటు లేదు. మన శాసనసభ 17వ సెక్షన్‌ను సవరించింది. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ స్థిరాస్తి లీజు ఏదైనా, గడువు ఎంత తక్కువైనా రిజిస్టర్ చేయాల్సిందే. పాతికేళ్లు దాటినా ఈ మాట ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా యజమానుల చెవిన సరిగా పడలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. మన రాష్ట్రానికి వర్తించని ఉపాయాన్ని నమ్ముకుని జనం లక్షల విలువైన ఆస్తులు అప్పగిస్తున్నారు.

నోటరీ పత్రానికి ఉపయోగం లేదని అనను. ఖర్చు తక్కువ, గంటలో పని అయిపోతుంది. ఇంటద్దె భత్యం కోసం ఆఫీసులో చూపడానికి, గ్యాస్ కనెక్షన్‌కు సాధారణంగా సరిపోతుంది. ఇరుపక్షాల మధ్య సఖ్యత ఉన్నంతకాలం దాన్ని మళ్లీ తెరిచి చూసే అవసరమే రాదు. చిక్కంతా మాట తేడా వచ్చిన రోజున మొదలవుతుంది.

ద్వారకానగర్‌లో ఒకరు బట్టల దుకాణానికి మడిగె తీసుకున్నారనుకుందాం. ఐదేళ్ల గడువు, మూడేళ్ల దాకా ఖాళీ చేయించకూడదన్న షరతు, ఏటా అద్దె ఎంత పెరగాలో అన్నీ రాసుకున్నారు, రిజిస్టర్ మాత్రం చేయలేదు. అద్దాలు, అరలు, ఏసీలు, బోర్డులకు ఆయన లక్షలు పోశారు. రెండో ఏడు యజమానికి ఎక్కువ అద్దె ఇచ్చే వారు దొరికారు. ఇప్పుడు ఆ ఐదేళ్ల మాట కోర్టులో నిలవడం కష్టం. రిజిస్టర్ కావలసిన పత్రం కాకపోతే అందులోని షరతులను సాక్ష్యంగా తీసుకోకూడదని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ చెబుతోంది. ఆయన ఏ హోదాలో అక్కడ ఉన్నారన్న అనుబంధ విషయానికి మాత్రమే పత్రాన్ని చూపవచ్చు. దానికైనా కట్టకుండా మిగిల్చిన స్టాంపు సుంకం, దానికి పది రెట్ల వరకు జరిమానా ముందు కట్టాల్సి రావచ్చు. ఐదేళ్ల లీజు పోయాక మిగిలేది నెలవారీ అద్దె. అలాంటి అద్దెను పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ అంటుంది. లక్షలు పోసిన మనిషి చేతిలో మిగిలే భరోసా అంతే.

యజమానికీ దెబ్బే. అద్దె పెంపు షరతు, గడువు తీరాక ఖాళీ చేయకపోతే రోజుకింత అని రాసుకున్న పరిహారం, ఇవన్నీ ఆ పత్రంలోనే ఉన్నాయి. ఆ పత్రం నిలవకపోతే అవీ నిలవవు.

“రిజిస్టర్ చేస్తే అద్దెకున్నవారికి ఇంటి మీద హక్కు వచ్చేస్తుంది” అన్న భయం పెద్దవాళ్లలో గట్టిగా పాతుకుపోయింది. నిజానికి ఇది తలకిందులైన భయం. తాను అద్దెదారుడినేనని, ఫలానా తేదీన ఖాళీ చేస్తానని ఒక మనిషి సబ్‌రిజిస్ట్రార్ ఎదుట ఫొటో దిగి, వేలిముద్ర వేసి ఒప్పుకున్న పత్రం కంటే యజమానికి రక్షణ ఏముంటుంది? పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, మధురవాడ ఫ్లాటును అద్దెకిచ్చిన తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలని నా విన్నపం.

రిజిస్టర్డ్ లీజుకు ఇబ్బందులూ ఉన్నాయి. స్టాంపు సుంకం, ఫీజు కట్టాలి. ఇరుపక్షాలూ సాక్షులతో కలిసి ఆఫీసుకు వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, లీజు ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో, కనిపిస్తుంది. గడువు మధ్యలో ఇల్లు అమ్మాలనుకుంటే కొనేవారు ఆ లీజుకు లోబడే కొనాలి. అద్దెదారు ముందే వెళ్లిపోతే తాళాలు తీసుకుని ఊరుకోకూడదు, రద్దు పత్రం కూడా రిజిస్టర్ చేయించాలి. లేకపోతే ఇల్లు ఖాళీగా ఉన్నా ఈసీలో లీజు అలాగే నిలిచి ఉంటుంది. ఏడాదిలో అమ్మే ఆలోచన ఉన్నవారు అందుకే తక్కువ గడువు పెట్టుకోవాలి.

అసలు పదకొండు నెలల గడువులో తప్పేమీ లేదు. ఆ పదకొండు నెలల లీజునే రిజిస్టర్ చేయించవచ్చు. గడువు తగ్గితే సుంకం భారమూ తగ్గుతుంది. ఈ మూడో దారిని ఎవరూ పట్టించుకోరు గానీ, ఇళ్ల విషయంలో నాకు నచ్చేది ఇదే.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం సంగతి కూడా చెప్పాలి. ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని దాని పేరు చెప్పి వాదించేవారు ఉన్నారు. అది రాష్ట్రాల ముందు పెట్టిన నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది.

పన్నుల దగ్గర మాత్రం పత్రం ఏదైనా లెక్క మారదు. నెలకు 50,000 రూపాయలు మించి అద్దె కట్టే వ్యక్తి అందులోంచి కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను, అంటే టీడీఎస్, 2024 అక్టోబర్ 1 నుంచి 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. యజమాని ప్రవాస భారతీయుడైతే ఈ 50,000 పరిమితి వర్తించదు. కోత కూడా చాలా ఎక్కువ. అలాంటి ఇంట్లో దిగేవారు ముందే ఆడిటర్‌ను అడగడం మంచిది. 2024 అక్టోబర్ 10 నుంచి జీఎస్టీ నమోదు లేని యజమాని వద్ద దుకాణం తీసుకున్న నమోదిత వ్యాపారి, అద్దె మీద 18 శాతం జీఎస్టీ తానే కట్టాలి. టర్నోవరు మీద నిర్ణీత శాతం జీఎస్టీ కట్టే కాంపొజిషన్ పథకంలోని చిన్న వ్యాపారులకు తర్వాత మినహాయింపు ఇచ్చారు.

దుకాణం, ఆఫీసు, గోదాము అయితే నాకు రెండో ఆలోచన లేదు, పూర్తి గడువుకు రిజిస్టర్డ్ లీజే. యజమాని ఊళ్లో లేని ఫ్లాటుకూ అంతే. కింద మీరుండి పై పోర్షన్ అద్దెకిచ్చేటప్పుడు పదకొండు నెలలకు రిజిస్టర్ చేయించండి. అందుకయ్యే సుంకం, ఫీజు ఎవరు భరించాలో అడ్వాన్సు పుచ్చుకునే రోజే మాట్లాడుకోండి. చెరి సగం అంటే సాధారణంగా ఎవరూ కాదనరు.