మనవలకు ఏ బండి చేద్దాం: ముంజకాయలా, బేరింగులా, బ్యాటరీయా?

వేసవి సెలవులకు మనవలు దిగుతున్నారంటే నాలాంటి తాతలకు చేతులు ఊరికే ఉండవు. ఇంట్లో ఏదో ఒక బండి చెయ్యాలి. ఏది చెయ్యాలన్నదే పేచీ. కొడుకులు మోటారు పెట్టమంటారు, మా ఇంటావిడ దెబ్బలు తగలనిది చెయ్యమంటుంది. నా ఓటు మాత్రం బేరింగుల బండికి.

ముంజకాయల బండికి పైసా ఖర్చు లేదు. ముంజలు తినేసిన రెండు కాయలు, వాటి మధ్య ఇరుసుగా చిన్న కర్ర, తోయడానికి చివర పంగ ఉన్న పొడవాటి కర్ర ఉంటే చాలు. నాలుగైదేళ్ల పిల్లలకు ఇంతకు మించింది లేదు. ఇరుసు కాయ నడిమధ్యలో దిగకపోతే బండి కుంటుతుంది, పిల్లలకు అదే తమాషా. కానీ కాయ ఎండితే కర్ర వదులైపోతుంది, పైగా దీని మీద ఎక్కి కూర్చోలేరు. అమెరికాలో ఉన్న మనవలకు బడులు మూసేసరికి ఇక్కడ కాయలు ముదిరిపోతుంటాయి కూడా.

బేరింగుల బండి ఎక్కి తిరిగే బండి. లోపల ఇనుప గుళ్లతో గిర్రున తిరిగే ఈ రింగులే దీనికి చక్రాలు. మెకానిక్ షెడ్డులో తీసి పారేసిన పాత బేరింగులు అడిగితే ఇస్తారు. 6203 నంబరుదైతే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి కొలత 40. కాస్త పెద్దది కావాలంటే 6204, అది 20కి 47. వేలితో తిప్పి చూడండి. గరగరమంటే కిరసనాయిల్లో కడిగి కొత్త గ్రీజు పెట్టాలి. ఇరుసు కర్ర చివరను రంధ్రం కంటే వెంట్రుకవాసి లావుగా ఉండేలా ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, బేరింగును సుత్తితో మెల్లగా దిగ్గొట్టాలి. అరగదీసే పని పిల్లలకు ఇవ్వండి, గంటసేపు ఇంట్లో చప్పుడుండదు.

అసలు కిటుకు ముందు చక్రాల ఇరుసులో ఉంది. దాన్ని కూర్చునే పలకకు ఒకే బోల్టుతో బిగించి, కిందా పైనా వాషర్లు, చివర రెండు నట్లు వెయ్యాలి. కాళ్లతో తొక్కితే తిరుగుతుంది, అదే స్టీరింగ్. మరీ అడ్డంగా తిరిగితే బండి పల్టీ కొడుతుంది కాబట్టి రెండు పక్కలా చెక్కముక్కలు అడ్డు కొట్టాలి. బ్రేకు కోసం పాత టైరు ముక్క మేకులతో కొట్టిన కర్ర లివరు పెడితే, లాగినప్పుడు నేలకు రాసుకుని బండి ఆగుతుంది. దీనికి సీసీ రోడ్డే కావాలి, మట్టిలో బేరింగు కూరుకుపోతుంది. చప్పుడు మాత్రం వీధంతా వినిపిస్తుంది. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లతో మాట పడాల్సి రావచ్చు.

ఇక బ్యాటరీ బండి. 24 వోల్టుల, 250 వాట్ల మోటారు, యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి. కాగితం మీద 24ను 7తో హెచ్చిస్తే 168 వాట్ అవర్లు. ఫుల్ లోడు మీద నలభై నిమిషాలని లెక్క తేలుతుంది కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీ అంత ఇవ్వదు, అందులో సగానికి సిద్ధపడండి. మామూలు మోటారు నిమిషానికి 2,600కు పైగా చుట్లు తిరుగుతుంది. పన్నెండు అంగుళాల చక్రం గంటకు 8 కిలోమీటర్లే పోవాలంటే 140 చుట్లు చాలు. ఒక్క చైనుతో అంత తగ్గించడం కుదరదు, గేర్‌బాక్సున్న మోటారే కొనాలి. ఫ్యూజు, పెద్దవాళ్ల చేతికందే కట్ఆఫ్ స్విచ్చి తప్పనిసరి. ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, వెల్డింగ్ షాపు చుట్టూ తిరగాలి. ఇంతా చేస్తే పని మొత్తం పెద్దవాళ్లదే, పిల్లలు పక్కన నిలబడి ‘అయిపోయిందా తాతయ్యా’ అంటుంటారు. నాకు నచ్చనిది అక్కడే. పన్నెండేళ్లు దాటి, వైర్లంటే ఆసక్తి ఉన్న మనవడుంటే అది వేరే సంగతి.

చిత్రమైన ఆకారంలో బండి కావాలంటే మోటారు ఉండాల్సిందే అనుకునేవాళ్లు ఓసారి హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూసి రావాలి. కె.సుధాకర్ అక్కడ క్రికెట్ బ్యాటు, కెమెరా, బూటు ఆకారాల్లో కార్లు చేసి పెట్టారు. 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న ట్రైసైకిల్‌తో గిన్నిస్ రికార్డూ కొట్టారు. ఆయనవి ఇంజన్లతో నడుస్తాయి, కానీ ఆకారమంతా పైన తొడిగిన బాడీలోనే ఉంది. మన బేరింగుల బండికి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె తొడిగి రంగులేస్తే పుచ్చకాయైనా అవుతుంది, ఏనుగైనా అవుతుంది. అట్ట మాత్రం బేరింగులకు తగలకుండా నాలుగు వేళ్ల ఎత్తులో కత్తిరించండి.