నెల్లూరు వరిగడ్డి కాగితం: శుభలేఖకు సరే, ప్రింటరుకు వద్దు

కోవూరు వైపు నుంచి నెల్లూరు స్టేషనరీ షాపులకు వస్తున్న చేతితయారీ వరిగడ్డి కాగితం ఇది. 22×30 అంగుళాల షీటు, లేత గోధుమ రంగు, బ్లీచింగ్ లేదు. కట్ట మీద 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 200 గ్రాములు) అని వేశారు. ఈ సైజులో 200 జీఎస్ఎమ్ షీటు 85 గ్రాములు తూగాలి. కట్ట విప్పి తూస్తే 71 నుంచి 88 దాకా ఉన్నాయి. గుజ్జు నీళ్ల తొట్టిలోంచి జాలీతో, చేత్తో ఎత్తే కాగితంలో కాస్త హెచ్చుతగ్గులు మామూలే గానీ, ఇంత తేడా వస్తోందంటే తొట్టిలో గుజ్జు పలచబడుతున్నా మళ్లీ కలపకుండా ఎత్తుకుంటూ పోతున్నారన్నమాట. కొనేముందు నాలుగు షీట్లు కాటా వేయించండి.

వెలుతురుకు అడ్డం పెడితే పసుప్పచ్చ పలుకులు కనబడతాయి. అవి ఉడకని గణుపులు. 100 కిలోల ఎండుగడ్డికి 8 నుంచి 10 కిలోల కాస్టిక్ సోడా వేసి మూడు నాలుగు గంటలు ఉడికిస్తే ఆకూ కాడా మెత్తబడతాయి, గణుపు మాత్రం మొండికేస్తుంది. వేళ్ల మధ్య నలిపితే చితికినప్పుడే డ్రమ్ము దించాలి. కానీ దాని కోసం మంట సాగదీస్తే మెత్తబడిన పీచు కరిగి గుజ్జు తరిగిపోతుంది, అందుకని తొందరగా దించేస్తారు. ఆ పలుకులే డిజైన్ అని షాపులో చెబుతారు. స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లను అడగండి, అది డిజైనో కాదో! అక్షరం సరిగ్గా అక్కడే చెదురుతుంది. నల్ల చుక్కలు వేరే సంగతి: అవి వానకు తడిసి బూజు పట్టిన గడ్డివి. పశువులు ముట్టని ఆ గడ్డి చవగ్గా దొరుకుతుంది.

బలం ఫరవాలేదు. వరిగడ్డి పీచు పొట్టిది, సుమారు మిల్లీమీటరు; ఒంటరిగా నిలవదు, నూలు గుడ్డ పీలికల గుజ్జు కలపాల్సిందే. మడిచి గోటితో గీస్తే ఈ షీటు విరగలేదు, రెండోసారి అదే గీత మీద మడిస్తే పొరలు లేచాయి. గడ్డిని అతిగా బీటింగ్ చేసి (గుజ్జును దంచి, నలిపి) ఈ లోటు పూడ్చలేరు, జాలీలోంచి నీరు దిగడం ఆలస్యమవుతుందంతే.

ఇంకు చుక్క పెడితే నిమిషంలోపే పాకింది, సైజింగ్ (ఇంకు పాకకుండా పట్టించే పూత) చాల్లేదు. ఇంక్‌జెట్‌కు పనికిరాదు. లేజర్ ప్రింటర్లో పెడితే నూగు రాలి రోలర్లు పాడవుతాయి. శుభలేఖలకు, ఫైలు అట్టలకు, గిఫ్టు సంచులకు మాత్రం నిక్షేపంగా వాడొచ్చు.

ఉడికించిన నల్లనీళ్లు ఎటు పోతున్నాయంటే అమ్మేవాళ్ల దగ్గర జవాబు లేదు. కాస్టిక్ ఉన్న ఆ నీళ్లు కాలువలోకి వదిలేవి కావు. పెద్ద మిల్లుల్లో వాటిని చిక్కబరిచి కాల్చి సోడా తిరిగి తీసుకుంటారు. వరిగడ్డి అయితే అందులోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) ఆ నీళ్లను చిక్కబరిచే గొట్టాల లోపల పెచ్చులు కడుతుంది. ప్రకాశం జిల్లా సుబాబుల్, జామాయిల్ కర్రకు మిల్లుల దగ్గర ఉన్న గిరాకీ గడ్డికి లేకపోవడానికి ఇదొక కారణం.

షీట్లు కోయించేటప్పుడు కోసేవాళ్లకు ముందే చెప్పండి, కాగితంలో మిగిలిన సిలికాకు కటింగ్ మిషన్ బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. నవంబరు వానల్లో షీట్లు తేమ పీల్చి అంచులు ముడుచుకుంటాయి కాబట్టి కట్టను పాలిథీన్‌లో చుట్టి, పైన బరువు పెట్టి ఉంచాలి.